చేతి పని నేర్చుకోవాలంటే కిట్ కొనకండి, ముందు మీ గట్టు మీదకి వెళ్ళండి



పై వీడియోలో మూడు పనులు చూపించాం. నేతి బీర నుంచి పీచు తీయడం, తాటాకు ఈనె తీసి చీల్చడం, బంతి పూలతో నూలు గుడ్డకి రంగు వేయడం. ఇలాంటి వీడియోలు పెట్టినప్పుడల్లా ఎక్కువ మంది అడిగేవి మూడే ప్రశ్నలు. "అన్నా, కిట్ ఎక్కడ దొరుకుతుంది? ట్రైనింగ్ ఎవరిస్తారు? నెలకి ఎంత మిగులుతుంది?" వీడియోలో పని ఎలా చేయాలో చూపించొచ్చు గానీ ఈ మూడింటికీ అందులో జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ప్రకృతి వ్యవసాయం చేసే ప్రతి ఇంట్లో ఏదో ఒక చేతి పని ఉండాలి. అయితే అది కొన్న కిట్‌తో మొదలవ్వకూడదు. అమ్మకంతోనూ మొదలవ్వకూడదు. మీ పొలం గట్టు మీద దొరికే దానితో, మీ ఇంటి అవసరం కోసం మొదలవ్వాలి. ఇంకోటి, ఆ పని ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన పడే ఇంకో చాకిరీ కాకూడదు. ఈ చివరిది కుదరకపోతే అసలు మొదలుపెట్టకపోయినా నష్టం లేదు.

మనకే ఎందుకు?

మాది గోదావరి మెట్ట. అరటి, కొబ్బరి, గట్ల మీద తాటిచెట్లు. అగ్రికల్చర్ డిప్లొమాలో మాకు పంట నుంచి వచ్చే దిగుబడి లెక్క వేయడం నేర్పారు. పంటతో పాటు వచ్చే నార, పీచు, ఆకు, డొప్ప, బుర్ర ఏ లెక్కలోకీ రాలేదు. మా తాతల కాలంలో అవి లెక్కలోకి వచ్చేవి. జనుము నారతో పలుపులు పేనేవాళ్ళు. తాటాకుతో చాపలు, బుట్టలు, విసనకర్రలు అల్లేవాళ్ళు. ఈత ఈనెలతో చీపుర్లు కట్టేవాళ్ళు. ఎండిన సొరకాయ బుర్రలో విత్తనాలు దాచేవాళ్ళు. వాటిని ఎవరూ హాబీ అనలేదు, క్రాఫ్ట్ అనలేదు. వ్యవసాయంలో అవీ భాగమే.

ఇప్పుడు మన పొలాలు చూడండి. రసాయన ఎరువు మానేశాం, పురుగుమందు మానేశాం. ఆవుకి కట్టేది మాత్రం నైలాన్ తాడు. కూరగాయలు కోసేది ప్లాస్టిక్ ట్రేలో. ఇంట్లో గిన్నెలు తోమేది ప్లాస్టిక్ పీచుతో, అది అరిగి ముక్కలు ముక్కలుగా పెరటి మడిలోకే పోతోంది. అన్నీ ఒక్క రోజులో మార్చేయమని నేను అనను. జీవామృతం కలపడానికి నా దగ్గరా ప్లాస్టిక్ డ్రమ్మే ఉంది, నీడలో పెడితే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. కానీ గిన్నెల పీచు, పలుపు, కోత బుట్ట, చీపురు మన పొలంలోనే తయారయ్యే వస్తువులు కదండీ. వీటిని కూడా బజారు నుంచే తెచ్చుకోవాలా?

కిట్ ఎందుకు వద్దంటున్నాను

ఇప్పుడు హాబీ పేరుతో ఇంటికి వచ్చే డబ్బాలు ఎక్కువగా మూడు రకాలు. రెజిన్ ఆర్ట్, కొవ్వొత్తులు, సబ్బులు. రెజిన్ అంటే ఎపాక్సీ, అది గట్టిపడే ప్లాస్టిక్. మామూలు కొవ్వొత్తికి వాడే పారాఫిన్ మైనం పెట్రోలియం నుంచి వచ్చేది. సబ్బు తయారీకి నూనెతో కలిపేది కాస్టిక్ సోడా. చేతి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో జాగ్రత్త తెలియకుండా చేసే పని కాదు అది. పైగా ఒంటికి రాసుకునే సబ్బు, షాంపూ లాంటివి తయారు చేసి అమ్మాలంటే కాస్మెటిక్స్ లైసెన్స్ కావాలి. "నేచురల్" అని లేబుల్ అంటించినంత మాత్రాన ఆ నియమం పోదు.

ఈ పనులు చేసేవాళ్ళని తక్కువ చేయడానికి కాదు ఇది చెప్పడం. జాగ్రత్తగా, బాగా చేసేవాళ్ళు ఉన్నారు. నా అభ్యంతరం ఒక్కటే. కిట్ అయిపోగానే మళ్ళీ కిట్ కొనాలి. విత్తనం ప్యాకెట్‌కి, మందు డబ్బాకి మనం ఇంతకాలం కట్టుబడి ఉన్న తీరు ఇదే కదా? దాంట్లోంచి బయటపడ్డాం. ఇంకో దారిలో మళ్ళీ అందులోకే ఎందుకు పోవాలి?

ముందు నేల, తర్వాతే చేయి

ఇక్కడ కొంతమంది ఉత్సాహం కొద్దీ ఒక ముఖ్యమైన విషయం మర్చిపోతున్నారు. మన పద్ధతిలో ఆచ్ఛాదన ప్రాణం. పొలంలో మిగిలిన గడ్డి, ఆకు, కాండం నేల మీద ఉండాలి. నేల తేమ నిలిపేది, వానపాములకి తిండి పెట్టేది అదే. చేతి పని మోజులో అరటి బోదెలన్నీ నారకి, వరిగడ్డి అంతా బొమ్మలకి తీసేస్తే నేల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే.

అందుకని మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. నేలకి పోగా మిగిలిందే చేతికి. దీని ప్రకారం ఏది తీయొచ్చు, ఏది తీయకూడదో చూద్దాం.

అరటి: గెల కోసిన తర్వాత బోదెలో పొటాష్ బాగా ఉంటుంది. బోదె నరికి అక్కడే పరవాలి. పైన ఎండిన డొప్పలు రెండు మూడు మాత్రం తీసుకుని నార చీల్చుకోవచ్చు. పూలమాలలు కట్టడానికి మన ఊళ్ళలో అరటి నారే వాడేవాళ్ళు. మొక్కలకి ఊతం కట్టడానికీ అది చాలు.

జనుము: పచ్చిరొట్టగా పూత దశలో కలియదున్నేస్తాం. అది ఆపొద్దు. గట్టు వారన ఒకటి రెండు సాళ్ళు వదిలేయండి. కాయ ముదిరాక విత్తనమూ వస్తుంది, కాండం నుంచి నారా వస్తుంది. కాండాన్ని నీళ్ళలో వారం పది రోజులు నానబెడితే నార ఊడుతుంది. చేపలు ఉన్న చెరువులోనూ, పశువులు తాగే నీళ్ళలోనూ నానబెట్టకండి. నీళ్ళు కుళ్ళి ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు చచ్చిపోతాయి.

తాటి: బుట్టలకి, విసనకర్రలకి కావలసింది విచ్చుకోని లేత మొవ్వాకు. చెట్టు ఎదుగుదల అంతా అక్కడే ఉంటుంది. ఒక చెట్టు నుంచి ఒకటి తీశాక దాన్ని కొన్నాళ్ళు వదిలేయాలి. చెట్టు ఎక్కడం గీత కార్మికుల పని, వాళ్ళకి కూలి ఇచ్చి తీయించుకోండి. వీడియో చూసి మీరే ఎక్కకండి.

బంతి: చేను చుట్టూ ఎర పంటగా వేస్తాం కదా. దసరా, దీపావళి దాటాక ధర పడిపోతే కోత కూలి కూడా రాక పూలు చెట్టు మీదే వాడిపోతాయి. ఆ పూలు ఎండబెట్టుకుంటే రంగుకి పనికొస్తాయి. ఉడికించిన పిప్పి తిరిగి కంపోస్టులోకే వెళ్తుంది.

మొదటి పనిగా ఏది?

నన్నడిగితే నేతి బీర. పాదు పెట్టడం మనకి కొత్త కాదు. కొన్ని కాయలు కోయకుండా తీగ మీదే వదిలేయాలి. తొక్క గోధుమ రంగుకి తిరిగి, కాయ తేలికైపోయి, ఊపితే లోపల గింజలు గలగలమంటే సిద్ధమైనట్టు. కాసేపు నీళ్ళలో నానబెడితే తొక్క ఊడిపోతుంది. గింజలు దులిపి విత్తనానికి దాచుకోండి. పీచుని రెండు మూడు సార్లు ఉతికి మంచి ఎండలో ఆరబెట్టండి. తెల్లగా మెరవాలని బ్లీచింగ్ వేయకండి, దాని సహజ రంగు గోధుమే. ఒంటికి, గిన్నెలకి రెండింటికీ వాడొచ్చు. అరిగిపోయాక ఎరువు గుంటలో వేసేయండి. దీనికి పనిముట్టు అక్కర్లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు, ఐదో క్లాసు పిల్లాడైనా చేసేస్తాడు.

రెండోది బంతి రంగు. వీడియోలో వేగంగా చెప్పాను కాబట్టి కొలతలు ఇక్కడ రాస్తున్నాను. 100 గ్రాముల నూలు గుడ్డకి లెక్క. ముందు గుడ్డని గంజి పోయేలా వేడి నీళ్ళలో బాగా ఉతకాలి. 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, పిండి ఎండలో ఆరబెట్టాలి. తర్వాత 15 గ్రాముల పటిక గోరువెచ్చని నీళ్ళలో కరిగించి గుడ్డని అందులో ఒక గంట ఉంచాలి. 100 గ్రాముల ఎండు బంతి రేకుల్ని నీళ్ళలో గంటసేపు సన్న మంట మీద మరిగించి వడకట్టి, ఆ నీళ్ళలో గుడ్డ వేసి ముప్పావు గంట సన్న మంట మీదే తిప్పుతూ ఉండాలి. వంట గిన్నెలు దీనికి వాడకండి, ఒక పాత గిన్నె విడిగా పెట్టుకోండి. రంగు పక్కాగా పసుపు. చాలామంది వంటింటి పసుపుతో మొదలుపెడతారు. రంగు అందంగానే వస్తుంది కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. నమ్మి అమ్మే సరుకు కాదది.

మూడోది తాటాకు. దీనికి ఓపిక కావాలి. మొవ్వాకుని ఎండబెట్టి, ఈనె తీసి, ఒకే వెడల్పులో చీల్చాలి. అల్లే ముందు కాస్త నీళ్ళు చిలకరిస్తే ఆకు మెత్తబడి విరగదు. తడి ఎక్కువైతే బూజు పడుతుంది. మొదటి బుట్ట వంకరగానే వస్తుంది. రానివ్వండి. ఉల్లిపాయలు వేసుకోవడానికి వంకర బుట్ట కూడా బుట్టే.

నేర్చుకోవడం ఎవరి దగ్గర?

యూట్యూబ్ దగ్గర మొదలుపెట్టండి, కాదనను. నేనూ వీడియోలే పెడుతున్నాను. కానీ మీ మండలంలో మేదరి కుటుంబాలు ఉంటాయి. చాపలు అల్లే ముసలమ్మలు, తాళ్ళు పేనే తాతలు ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఉత్త చేతులతో వెళ్ళకండి. ఒక రోజు కూలి ఇచ్చి కూర్చోండి. మనం ట్రైనింగ్ సెంటర్‌కి ఫీజు కడతాం, ఊళ్ళో పెద్దాయన దగ్గర మాత్రం "ఒకసారి చూపించు మావా" అని ఊరికే నేర్చేసుకుంటాం. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఆయన చేతిలో ఉన్నదీ చదువే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వాళ్ళ దగ్గర నేర్చుకున్న బుట్టనే అల్లి, వాళ్ళు కూర్చునే సంతలోనే మనం తక్కువ ధరకి అమ్మకూడదు. మనకి పొలం ఉంది, వాళ్ళకి ఆ చేతి పనే పొలం. మన ఇంటికి చేసుకుందాం, మన సరుకుతో పాటు ప్యాకింగ్‌గా వాడుకుందాం. వాటికి మించి ఆర్డర్ వస్తే వాళ్ళకే ఇద్దాం. నేను ఆన్‌లైన్‌లో బెల్లం, బియ్యం పంపేటప్పుడు పండగ ప్యాకెట్లకి బుట్టలు మేదరి ఇంట్లోనే అల్లిస్తాను.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 రకాల చేతివృత్తులు ఉన్నాయి. బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్ళు అందులో వస్తారు. పనిముట్లకి 15,000 రూపాయల వరకు సాయం, మొదటి విడత లక్ష, రెండో విడత 2 లక్షల వరకు 5 శాతం వడ్డీకి అప్పు. ఇది ఇప్పటికే ఆ వృత్తి మీద బతుకుతున్నవాళ్ళ కోసం, హాబీగా మొదలుపెట్టిన మన కోసం కాదు. మీ ఊళ్ళో అర్హులు ఇంకా నమోదు చేసుకోకపోతే బండి ఎక్కించుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. గురుదక్షిణ అనుకోండి.

చేయడం రాకపోతే పెంచండి

అందరికీ అల్లిక రాదు, రావాల్సిన పనీ లేదు. రైతుగా మనం చేయగలిగింది ఇంకోటి ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. ప్రకృతి రంగుల్ని మళ్ళీ ఆ బొమ్మల్లోకి తెచ్చినందుకే సి.వి. రాజు గారికి పేరొచ్చింది, 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. కొండపల్లి బొమ్మలకి కావలసింది తెల్ల పొణికి. ఈ రెండు ఊళ్ళ కళాకారులకీ నైపుణ్యం ఉంది, కర్ర దొరకడమే కష్టమవుతోంది. ఆ చెట్లు పెంచగలిగింది ఎవరు? గట్టు ఉన్న రైతు. 2017లో అటవీ చట్టం సవరించాక అడవి బయట పెంచిన వెదురుని ఆ చట్టం చెట్టుగా లెక్కించడం లేదు. గట్టు మీద రెండు వెదురు పొదలు పెడితే మీ ఊరి మేదరికి ముడిసరుకు, మీ పందిళ్ళకి కర్రలు. చేతి పనికి ఇదీ సాయమే.

ఎవరి ఖాళీ సమయం?

"ఖాళీగా ఉన్నప్పుడు మా ఆవిడ చేత చేయిస్తానండీ" అనేవాళ్ళు చాలామంది. ఆవిడకి ఖాళీ ఎప్పుడో ఒక రోజు కాగితం మీద రాసి చూడండి. తెల్లారి లేచి పేడ తీయడం, పాలు పితకడం, వంట, పిల్లల్ని బడికి పంపడం, కలుపు, జీవామృతానికి మూత్రం పట్టి ఉంచడం, సాయంత్రం మళ్ళీ అన్నీ. రసాయన సేద్యం నుంచి ప్రకృతి సేద్యానికి మారిన చాలా ఇళ్ళలో ఖర్చు తగ్గింది, పని పెరిగింది. ఆ పెరిగిన పనిలో ఎక్కువ వాటా ఆడవాళ్ళదే. దాని మీద బుట్టల అల్లిక కూడా పెట్టి "మహిళా సాధికారత" అని ఫొటో పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

చేతి పని మొదలుపెట్టే ఇంట్లో ముందు పని పంచుకోవాలి. ఆవిడ బుట్ట అల్లే గంటలో ఇంకెవరో గిన్నెలు తోమాలి. తాళ్ళు పేనడం, నార చీల్చడం మగవాళ్ళు కూడా చేయాలి, పాత రోజుల్లో చేసిందీ వాళ్ళే. అమ్మితే ఎవరి చేయి పడిందో వాళ్ళ ఖాతాలోకే డబ్బు వెళ్ళాలి. ఎవరికైనా అల్లిక ఇష్టం లేకపోతే "నాకొద్దు" అనే హక్కు ఉండాలి. ఇష్టం లేని హాబీ అంటే వెట్టిచాకిరీయే.

ధర లెక్క

చివరికి డబ్బు విషయం. లెక్క కోసం ఒక తాటాకు బుట్ట తీసుకుందాం. చీల్చడంతో కలిపి 4 గంటలు పట్టిందనుకోండి. మీ ఊళ్ళో 8 గంటల కూలి 400 అయితే గంటకి 50, అంటే 200. ఆకు తీయించిన కూలి 20. మొత్తం 220. షాపువాడు 150 ఇస్తానంటాడు. ఇస్తే ఏమైనట్టు? మీ ఇంటి మనిషి గంటకి 33 కూడా రాని కూలికి వెళ్ళినట్టు. అదే రేటుకి పక్క రైతు పనికి పిలిస్తే వెళ్తారా? ఆ ధరకి ఇవ్వకండి. ఆ బుట్టని ఇంట్లో వాడుకోండి, లేదా తెలిసినవాళ్ళకి కానుకగా ఇవ్వండి. 150కి అమ్మితే మీతో పాటు దాని మీదే బతికే వాళ్ళ ధర కూడా పడిపోతుంది.

"బజార్లో ప్లాస్టిక్ బుట్ట ఇంకా చవక కదా" అంటారు. నిజమే. ప్రకృతి వ్యవసాయం బియ్యం గురించి కూడా ఇదే మాట మన మొహం మీద అంటారు కదా. అప్పుడు మనం ఏం చెబుతాం? మా శ్రమకి విలువ ఉంది, మా నేలకి విలువ ఉంది అంటాం. మన బియ్యానికి ఒప్పుకోమన్న మాట ఇంకొకరి బుట్టకి మనం ఒప్పుకోవాలి. బేరం ఆడకుండా కొనాలి.

అందుకే మొదటి ఏడాది అమ్మకం ఊసు వద్దంటున్నాను. ఒక సీజన్ ఇంటికి చేసుకోండి. ఎన్ని గంటలు పట్టింది, ఎన్నాళ్ళు మన్నింది, ఎక్కడ తెగింది పుస్తకంలో రాసుకోండి. ఏడాది వాడి చూసిన వస్తువు గురించి కొనేవాళ్ళకి మీరు ధైర్యంగా చెప్పగలరు.

ఈ తొలకరికి నవధాన్యాలు చల్లేటప్పుడు ఒక పని చేయండి. పందిరి పక్కన 4 నేతి బీర పాదులు, గట్టు వారన రెండు సాళ్ళ జనుము, ఖాళీ మూలన ఒక వెదురు పిలక. ఖర్చు పెద్దగా ఉండదు. పంట కాలం అయ్యేసరికి మీ ఇంట్లో గిన్నెల పీచు, ఆవుకి పలుపు మీ చేతివే ఉంటాయి. అవి చేసింది ఎవరు, ఎన్ని గంటలు పట్టింది, ఆ గంటల్లో ఇంటి పని ఎవరు చూసుకున్నారు? ఆ మూడూ రాసి పంపండి. తర్వాతి వీడియో మీ లెక్కలతోనే చేద్దాం.